మూడో పుట్టగొడుగు కోసేదాకా నాకు తెలియలేదు

మొన్న రాత్రి, ఎట్టకేలకు, నా చేత్తో ఏరుకొచ్చిన మోరెల్ పుట్టగొడుగులు వండుకుని తిన్నాను. ఒంట్లో ఏ తేడా లేదు. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను.

దొరకడం పెద్ద కష్టం కాలేదు. వసంతంలో నేల వేడి 10 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వచ్చాక, వాన పడిన తర్వాత వెతకాలి. చచ్చిపోతున్న ఎల్మ్ చెట్ల మొదళ్ళు, యాష్ చెట్ల కింద, కిందటేడు కార్చిచ్చు వచ్చిన అడవులు చూడండి. పాత యాపిల్ తోటల్లోనూ వస్తాయి కానీ అక్కడివి ముట్టుకోకండి. ఒకప్పుడు ఆ తోటలకు లెడ్ ఆర్సెనేట్ మందు కొట్టేవారు, ఆ విషం మట్టిలో ఇంకా ఉండిపోతుంది.

నన్ను ఏడిపించింది గుర్తుపట్టడం.

కిందటేడు బుట్ట నిండా ఏరాను. ఫోన్‌లో ఒక యాప్ పెట్టి ఫోటోలు తీస్తే అన్నింటికీ మోరెల్ అనే చెప్పింది. ఆ నమ్మకంతో పుట్టగొడుగులు పరీక్షించే ఒక క్లబ్ సమావేశానికి తీసుకెళ్ళాను. నిజం చెప్పాలంటే, నలుగురూ మెచ్చుకుంటారనే ఆశ కూడా ఉంది.

అక్కడున్న పెద్దాయన మాటామంతీ లేకుండా ఒకటి తీసి తల నుంచి కాడ అడుగు దాకా నిలువునా కోశాడు. లోపలంతా ఒకటే బోలు. పైన తేనెపట్టులా గుంటలు, తల కింది అంచు కాడకు అతుక్కుని ఉంది. అది మోరెల్. రెండోది కోస్తే కాడ నిండా దూదిలాంటి పదార్థం. తల పైకొన దగ్గర మాత్రమే అంటుకుని, మిగతాదంతా వేలికి తొడిగిన టోపీలా వదులుగా వేలాడుతోంది. అది మోరెల్‌లా కనిపించే వేరే పుట్టగొడుగు, వెర్పా బొహెమికా. మూడోదానికి గుంటలే లేవు, మెదడులా మడతలున్నాయి. కోస్తే లోపల గదులు గదులుగా ఉంది. అది జైరోమిట్రా అనే విషపు పుట్టగొడుగు.

"ఇది ఎవరికి వండిపెడదామనుకున్నారు?" అని అందరికీ వినబడేలా అడిగాడు. నాకు నోట మాట రాలేదు. బుట్ట మొత్తం, మంచివాటితో సహా, చెత్తడబ్బాలో కుమ్మరించాడు. వెనక నిలబడ్డవాళ్ళలో ఎవరో నవ్వారు. ఇంటికొచ్చి ఆ రాత్రంతా నిద్రపోలేదు.

ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. జైరోమిట్రా ఎస్క్యులెంటా అనే రకంలోని జైరోమిట్రిన్ అనే విషం ఒంట్లోకి వెళ్ళాక మోనోమిథైల్ హైడ్రజీన్‌గా మారుతుంది. అది రాకెట్ ఇంధనంలో వాడే పదార్థం. ఉడికేటప్పుడు వచ్చే ఆవిరి పీల్చినా ప్రమాదమే. పైగా ఎస్క్యులెంటా అంటే లాటిన్‌లో 'తినదగినది' అని అర్థం, పేరు చూసి నమ్మితే అంతే సంగతులు. కానీ అడిగిన తీరు మాత్రం తప్పు. కొత్తవాళ్ళను అలా తలదించుకునేలా చేస్తే, వాళ్ళు మరోసారి బుట్ట తీసుకురారు. ఎవరికీ చూపించకుండా ఇంట్లో వండుకుంటారు. ప్రాణాలు పోయేది అక్కడే. నేర్పే స్థానంలో ఉన్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

నేను మాత్రం వదల్లేదు. చలికాలమంతా కూర్చుని నేర్చుకున్నాను. సగం తెలుపు, సగం నలుపు ఉన్న కాగితం మీద పుట్టగొడుగు పెట్టి, గిన్నె బోర్లించి, రాత్రంతా ఉంచితే స్పోర్లు, అంటే విత్తనాల్లాంటి సన్నని పొడి, రాలి వాటి రంగు తెలుస్తుంది. మోరెల్‌వి మీగడ రంగు నుంచి లేత పసుపు దాకా ఉంటాయి. మైక్రోస్కోప్ కూడా కొన్నాను. జైరోమిట్రా ఎస్క్యులెంటా స్పోరులో మామూలుగా రెండు నూనె చుక్కలు కనిపిస్తాయి, మోరెల్ స్పోరు లోపల అవి ఉండవు. అది మొదటిసారి కళ్ళారా చూసినప్పుడు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేశాను, మీరూ తీసేయండి.

ఈసారి ఏరిన చోటే ఒక్కొక్కటీ నిలువునా కోసి చూశాను. ఏ చెట్టు కిందివి ఆ కాగితం సంచిలోనే వేశాను. అదే సమావేశానికి, అదే బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆయన నాలుగు ముక్కలు తిప్పి చూసి, తలూపి, బుట్ట నా వైపు జరిపాడు.

ఇక వంట. అసలైన మోరెల్ అయినా పచ్చిగా తినకూడదు. 2023లో అమెరికాలోని మోంటానాలో ఒక రెస్టారెంట్లో మోరెల్స్ తిన్న 51 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. పచ్చివి, సరిగా ఉడకనివి తిన్నవాళ్ళకే ముప్పు ఎక్కువని విచారణలో తేలింది. అందుకే బాగా ఉడికించి, మొదటిసారి కదా అని రెండే తిన్నాను. వండనిది ఒకటి తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టాను, ఏమన్నా అయితే డాక్టరుకు చూపించడానికి. అది ఇంకో రెండు రోజులు అక్కడే ఉంటుంది.