జూన్ ఎప్పుడొస్తుందో అందరికీ తెలుసు

మే 3, ఆదివారం. విజయవాడ.

ఒకటో తారీఖు మేడే సెలవు కావడంతో ఆయన జీతం నిన్న సాయంత్రం చేతికొచ్చింది. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు. ఇప్పటికీ జీతం కవర్లో పెట్టే ఇస్తారు. 28 వేలు. నా కుట్టుపని మీద మామూలు నెలల్లో ఆరున్నర వేల దాకా వస్తుంది. ఏప్రిల్‌లో తొమ్మిది దాటింది. పెళ్లిళ్ల రోజులు కదా, జాకెట్లు, ఫాల్స్, పికో అంటూ గుమ్మం ఖాళీ లేదు. ఈ ఏడు మే 17 నుంచి అధిక జ్యేష్ఠం, పెళ్లి ముహూర్తాలుండవు. పెళ్లిళ్లన్నీ ఈ రెండు వారాల్లోకి తోసేశారు. ఆ తర్వాత నెల రోజులు మిషను ఖాళీగానే ఉంటుంది, కాస్త పుంజుకునేలోపు ఆషాఢం వచ్చేస్తుంది. అందుకే ఆరున్నర వేలకు పైన వచ్చినదాన్ని ఇంటి ఖర్చులో కలపను. ఖాళీ నెలల కోసం పక్కన పెడతాను. ఎక్కువ వచ్చిన నెలలో ఎక్కువ ఖర్చు పెట్టడం అలవాటైతే, తక్కువ వచ్చిన నెలలో చెయ్యి చాచాల్సి వస్తుంది.

పొద్దున కాఫీలయ్యాక చాప మీద కవర్లు పరిచాం. మా ఇంటికొచ్చిన శుభలేఖల కవర్లే. మూలలకు పసుపు రాసి ఉంటుంది, కాగితం గట్టిది, ఏడాదైనా చిరగదు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు పేర్ల మీద తెల్లకాగితం అంటించి పాప స్కెచ్ పెన్నుతో రాసింది. అద్దె, సరుకులు, కూరలు, పాలు, కరెంటు, గ్యాస్, అత్తయ్య మందులు, పెట్రోలు, చదివింపులు, ఫీజులు. అన్నిటికంటే లావుగా ఉన్నది ఫీజుల కవరు. అందులో నెలకు 5 వేలు పడతాయి. బాబు ఎనిమిదో తరగతికి ఫీజు 24 వేలు, పుస్తకాలు, యూనిఫాం, బూట్లు 8 వేలు, పాప ఇంటర్ రెండో ఏడాది 28 వేలు. మొత్తం 60 వేలు. పన్నెండుతో భాగిస్తే నెలకు 5 వేలు. ఇందులో తెలివితేటలేం లేవు. కాకపోతే గత జూన్‌లోనే మొదలుపెట్టాలి.

జనం అనుకోని ఖర్చుల వల్ల అప్పుల పాలవుతారంటారు. నేను చూసినంతలో మా వీధిలో ఎక్కువ ఇళ్లను అప్పులోకి దింపింది అనుకున్న ఖర్చులే. బడి జూన్ 12న తెరుస్తారని అందరికీ తెలుసు. సంక్రాంతికి కూతురూ అల్లుడూ వస్తారనీ తెలుసు. బండి ఇన్సూరెన్సు ఏ నెలలో కట్టాలో కాగితం మీదే ఉంటుంది. మేనకోడలికి పదహారేళ్లొచ్చాయంటే ఇంకో నాలుగైదేళ్లలో పెళ్లి, మేనమామగా పెట్టిపోతలు ఉంటాయనీ తెలుసు. అయినా ఆ రోజు వచ్చేదాకా ఆగి, వచ్చాక నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెస్తారు. నూటికి రెండు అంటే వినడానికి చిన్నదే, ఏడాదికి 24 శాతం. జూన్‌లో తెచ్చింది దసరాకు తీరదు, దసరాకు ఇంకొంచెం తెస్తారు.

సంపాదన సరిపోని ఇళ్ల సంగతి వేరు. రోజు కూలి మీద నడిచే ఇంట్లో ఏ కవర్లో ఏం పెడతారు? వాళ్లకు నేను సలహా చెప్పలేను, చెప్పను కూడా. నెలకింత అని వచ్చే మాలాంటివాళ్ల గురించే నా మాట.

చదివింపుల కవరు గురించి ఆయనకూ నాకూ ఇవాళ చిన్న వాదన. ఈ రెండు వారాల్లో నాలుగు పెళ్లిళ్లు, ఒక గృహప్రవేశం. ‘‘మనకు చదివించింది ఎంతో పుస్తకంలో చూడు, అంతే చదివిద్దాం’’ అంటారాయన. నేను చూశాను. మా ఇంట్లో శుభకార్యానికి వాళ్లు 500 ఇచ్చారు, అది ఎనిమిదేళ్ల కిందటి మాట. ఇప్పుడూ 500 ఇస్తే బాగుండదు, వెయ్యి నూటపదహార్లు మనవల్ల కాదు. చివరికి 716 దగ్గర ఆగాం. కవర్లో ఉన్నదాంట్లోనే ఐదు కార్యాలూ సర్దుకోవాలి. తగ్గితే ఒక చోటికి ఆయన ఒక్కరే వెళ్లి అక్షింతలు వేసి వస్తారు. బస్సు ఖర్చు, పూలు, పిల్లల బట్టలు అన్నీ మిగులుతాయి. మర్యాద కోసం అప్పు చేసి చదివించిన డబ్బు తీసుకున్నవాళ్లకూ సంతోషం కాదు, వాళ్లు కూడా రేపు అలాగే తిరిగి ఇవ్వాలి.

తొమ్మిదింటికి రైతు బజారుకు బయల్దేరాను. కిందటి ఏడాది ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు సిటీ బస్సు ఉచితం. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. ఆటోకు పోయేది మిగలడం ఒకటి, బరువు సంచులతో ధైర్యంగా రెండు చోట్లకు తిరగగలగడం ఇంకొకటి. ఇదివరకు ఆటో డబ్బులు లెక్కేసుకుని వీధి చివర బండి మీదే కొనేసేదాన్ని. రైతు బజార్లు 1999లో మొదలయ్యాయి, నాకు పెళ్లి కాకముందు. మా అమ్మ అప్పటి నుంచీ బజారు గుమ్మంలో రేట్ల బోర్డు చదవనిదే లోపలికి అడుగు పెట్టదు. నాకూ అదే వచ్చింది. బోర్డు ముందు నిలబడితేనే ఈ వారం ఏం వండాలో తేలుతుంది. దొండకాయ, సొరకాయ, తోటకూర చవక. బీన్స్ జోలికి వెళ్లలేదు. 2023 జూలైలో టమాటా వంద దాటినప్పుడు, రైతు బజారులో 50కి ఇస్తే పెద్ద పెద్ద క్యూలు కట్టారు. మా ఇంట్లో ఆ రోజుల్లో పప్పులోకి గోంగూర, చారులోకి చింతపండు, పచ్చడికి బీరకాయ పొట్టు. పిల్లలు టమాటా ఏదని అడగనే లేదు.

కూరల డబ్బు మాత్రం నోట్లుగానే తీసుకెళ్తాను. ఫోన్లో స్కాన్ చేసి కొడితే ఎంత పోయిందో చేతికి తెలియదు. పర్సులో రెండు వంద నోట్లు మిగిలాయంటే మనసు దానంతట అదే మామిడిపళ్ల బుట్ట వైపు నుంచి కళ్లు తిప్పుకుంటుంది.

బజారు బయట పూలమ్మే ఆవిడ దగ్గర మూర మల్లెలు తీసుకుంటుంటే ఫైనాన్సు కుర్రాడు వచ్చాడు. ఆవిడ గల్లా కింద నుంచి వంద తీసిచ్చి, పసుపుపచ్చ చిన్న కార్డు మీద సంతకం పెట్టించుకుంది. రోజుకు వంద, వంద రోజులు. చేతికిచ్చింది 8,500, కట్టించుకునేది 10,000. వడ్డీ 1,500 మాత్రమే అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి కడుతోంది కాబట్టి, సగటున ఆవిడ దగ్గర వాడకంలో ఉండేది సగమే. ఏడాదికి లెక్క కడితే వడ్డీ నూటికి నూరు దాటిపోతుంది. ఆవిడకు తెలియక కాదు. పొద్దున్నే మార్కెట్లో పూలకు రొక్కం పెట్టాలి, ఇంకెవరూ ఇవ్వరు. ఆ కార్డు చూసినప్పుడల్లా నాకు గుండెలో ఏదో పట్టేసినట్టు ఉంటుంది. మూర మల్లెలు చాలనుకున్నదాన్ని రెండు మూరలు తీసుకున్నాను.

ఆవకాయ కాయ కూడా ఇవాళే కొన్నాను. పీచు బాగా ఉండి టెంక గట్టిపడిన పుల్లకాయ కావాలి. మెత్తబడితే ముక్క ఏడాది నిలవదు. అక్కడే కత్తిపీట వేసుకుని కొట్టిచ్చేవాళ్లున్నారు, కాయకింత అని తీసుకుంటారు. ఒక్క దెబ్బకు టెంకతో సహా చీలాలి, ముక్క ముక్కకూ లోపలి గట్టి పెంకు అంటుకుని ఉండాలి. ఇంటికొచ్చి లోపలి జీడీ, పొరా తీసి, పొడిగుడ్డతో ఒక్కొక్క ముక్కా తుడిచి ఆరబెట్టాను. పాప సాయం పట్టింది. ఆవపిండి, కారం, ఉప్పు, మెంతులు, వెల్లుల్లి, నువ్వులనూనె. ఖర్చు ఒకేసారి చూస్తే గుండె ఝల్లుమంటుంది గానీ, సరుకుల కవర్లో జనవరి నుంచీ దీనికి కొంచెం కొంచెం ఆపుతూ వచ్చాను. నెలాఖరులో కూరల కవరు ఖాళీ అయిన రాత్రి వేడన్నంలో ఆవకాయ, నెయ్యి, పక్కన ముద్దపప్పు ఉంటే మా ఇంట్లో ఎవరికీ ఏదో తగ్గిందన్న మాటే రాదు.

పన్నెండింటికి బియ్యం బస్తా వచ్చింది. 26 కేజీలది. 2022 జూలైలో 25 కేజీల వరకు ఉన్న లేబుల్ బస్తాల మీద 5 శాతం జీఎస్టీ వేసినప్పటి నుంచి అందరూ ఈ 26 బస్తాలే అమ్ముతున్నారు. మేం నాలుగు బస్తాలకు నలుగురం చేరి మిల్లు నుంచి తెప్పించుకుంటున్నాం. రేషను బియ్యం ఇడ్లీ రవ్వకు, అట్ల పిండికి సరిపోతాయి. ఆదివారం కాబట్టి చికెన్ వండాను. ముప్పావు కేజీ. పిల్లల తిండి దగ్గర, అత్తయ్య మందుల దగ్గర కోత పెట్టే పొదుపు నాకు వద్దు.

మధ్యాహ్నం అక్క వచ్చింది. ఆవకాయకు సాయం చేస్తానని వచ్చింది గానీ, మొహం చూస్తేనే తెలిసింది. అక్కావాళ్లది సింగ్‌నగర్, కింది ఇల్లు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు వచ్చినప్పుడు ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మంచాలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ మునిగిపోయాయి. ప్రభుత్వం కింది ఇళ్లకు 25 వేలు ఇచ్చింది. అవి మంచాలకు, గోడలకు, గ్యాస్ స్టవ్‌కు అయిపోయాయి. మిగతావి బావ క్రెడిట్ కార్డు మీద కొన్నారు. ఆ అప్పుకు ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. అప్పటి నుంచే మేం కూడా నెలకు 2 వేలు పెట్టే ఇంకో కవరు తెరిచాం. దాని మీద పేరేం రాయాలో తెలియక పాప ‘వరద’ అని రాసింది. ఇప్పుడది కవర్లో కాదు, పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాలో ఉంటుంది, కవర్లో పాసుపుస్తకమే.

అక్క సంచిలోంచి స్టేట్‌మెంటు తీసింది. బాకీ 40 వేలు. ‘‘నెలనెలా కడుతూనే ఉన్నామే, తరగడం లేదు’’ అంది. కాగితం మీద రాసి చూపించాను. కట్టాల్సిన కనీసం 2 వేలు. వడ్డీ నెలకు నూటికి మూడున్నర, అంటే 1,400. దాని మీద 18 శాతం జీఎస్టీ, 252. అసలులోకి పోయేది 348 రూపాయలు. అక్క ఆ 348 దగ్గర వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది. మధ్యలో ఒక నెల కార్డు గీకితే ఆ 348 కూడా హుళక్కి.

‘‘గాజులు బ్యాంకులో పెట్టక్కా’’ అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఓ పట్టాన నోరు రాలేదు. అమ్మ పెళ్లికి పెట్టిన గాజులవి, నీళ్లొచ్చిన రాత్రి అక్క కొంగున కట్టుకుని మేడ మీదకు ఎక్కింది. ‘‘వరదలో పోనివి ఇప్పుడు పోగొట్టుకోమంటావా’’ అంది. పోగొట్టుకోవడం కాదని చెప్పాను. బంగారం మీద బ్యాంకు వడ్డీ ఏడాదికి నూటికి పది వేసుకున్నా 40 వేలకు నెలకు 333. కార్డుకు పోతున్నది 1,652. నెలకు 3,500 చొప్పున కడితే ఏడాదికి అప్పు దాదాపు తీరిపోతుంది, గాజులు ఇంటికొస్తాయి. అక్క నెలకు 2 వేలే కట్టగలనంది. మిగతా 1,500 మా ‘వరద’ పుస్తకంలోంచి ఇస్తామని ఆయనే అన్నారు. నేను అడగలేదు. ‘‘వదినగారూ, దాని పేరే వరద కదా, మీకు కాక ఎవరికి’’ అన్నారు. అక్క కళ్లు తుడుచుకుంది. ఇంకో షరతు నేను పెట్టాను. బాకీ కట్టేసిన రోజే కార్డు రద్దు చేయించి, ఇక ఏ బాకీ లేదన్న కాగితం తీసుకోవాలి. లేకపోతే గాజులూ బ్యాంకులోనే ఉంటాయి, కార్డు బాకీ కూడా మళ్లీ పెరుగుతుంది.

సాయంత్రం చల్లబడ్డాక మీటరు చూసి వెంకట్రామా క్యాలెండరు మీద రాశాను. ఎండాకాలం ఇది తప్పనిసరి. 225 యూనిట్ల దాకా చివరి స్లాబు 6 రూపాయలు, అది దాటాక 400 దాకా ప్రతి యూనిటూ 8.75. రీడింగు తీసిన రోజు నుంచి లెక్క చూస్తే మేం ఇంకా కిందనే ఉన్నాం. రాత్రి అందరం ఒకే గదిలో, ఒకే కూలరు ముందు పడుకుంటున్నాం. ఎదురింట్లో ఏసీ పెట్టినప్పుడు బాబు అడిగాడు. ధర చెప్పి, దానికి కొత్త కవరు పెడదామా అన్నాను. తనకిచ్చే చిల్లరలోంచి కూడా వేస్తానన్నాడు. ప్రస్తుతానికి అందులో 1,150 ఉన్నాయి.

ఎల్లుండి ఆవకాయ తిరగకలిపి, ఉప్పు చూసి, ముక్క మునిగేలా నూనె పోయాలి. అక్కను ఆ రోజే బ్యాంకుకు రమ్మన్నాను గానీ మంగళవారం బంగారం బయటికి తియ్యనంది. సరే, బుధవారం. ఆధార్, పాన్ కార్డు, రెండు ఫోటోలు, గాజులు తెచ్చుకోమన్నాను. తరుగు తీసి ఎంత బరువు రాశారో రసీదులో చూసుకున్నాకే సంతకం పెట్టాలి. ముందు వరుసలో ఉండాలంటే పదింటికల్లా అక్కడ ఉండాలి, నాలుగు జాకెట్లకు ఆ లోపే కాజాలు పూర్తి చేసుకోవాలి.