సున్నం కింద నరకం

క్రాయిడన్‌లో అక్కావాళ్ళింట్లో ఉన్న వారంలో నాలుగు రోజులు వానే. శనివారం కాస్త తెరిపి ఇవ్వగానే బావ కారు తాళాలు తీసి, "దగ్గర్లో ఒక పాత చర్చి ఉంది, అరగంటలో వచ్చేద్దాం" అన్నాడు. లండన్‌లో పెద్ద పెద్ద చర్చిలు తలెత్తి చూసీ చూసీ అప్పటికే నాకు మెడ పట్టేసింది. పల్లెటూళ్ళో ఏముంటుందిలే అనుకుంటూనే బయల్దేరాను.

ఊరి పేరు చాల్డన్. సర్రే కౌంటీలో, కేటరమ్ పక్కన. లండన్ చుట్టూ తిరిగే పెద్ద హైవే ఎం25 కూతవేటు దూరంలోనే ఉన్నా, సందు మలుపు తిరిగేసరికి చెట్లూ, సమాధి రాళ్ళూ, చెకుముకిరాళ్ళ గోడలతో బుల్లి చర్చి. మా ఊరి రామాలయం కన్నా పెద్దదేం కాదు. లోపల మసక, తడి రాతి వాసన. వెనక్కి తిరిగి చూస్తే పడమటి గోడ ఎర్రగా కనిపించింది.

1200 ప్రాంతంలో వేసిన చిత్రం అది. వెడల్పు 17 అడుగులు, ఎత్తు 11. జేగురు రంగు మీద పాలిపోయిన బొమ్మలు. నట్టనడుమ నిచ్చెన. ఎక్కేవాళ్ళు ఎక్కుతుంటే, పట్టు తప్పినవాళ్ళు తలకిందులుగా పడుతున్నారు. పైన ఒక దేవదూత త్రాసులో ఆత్మల్ని తూస్తుంటే, పక్కనే దయ్యం తూకాన్ని తనవైపు లాగే ప్రయత్నంలో ఉంది. కింద సలసల కాగే గుండిగలో పాపులు. చిన్నప్పుడు తిరునాళ్ళలో అమ్మే యమలోకం పటమే గుర్తొచ్చింది!

నన్ను కదలనివ్వనిది మాత్రం వడ్డీ వ్యాపారి. మంటల్లో కూర్చున్నాడు. నడుముకి డబ్బు సంచులు, నోట్లోంచి రాలుతున్న నాణేలు, ముఖాన కళ్ళే లేవు. అతని నెత్తిమీదుగా రంపం పళ్ళలాంటి వంతెన. దాని మీద నడుస్తున్నవాళ్ళంతా పనిలో మోసం చేసిన చేతివృత్తులవాళ్ళని చెబుతారు.

పదహారో శతాబ్దంలో ప్రొటెస్టంట్లు తెచ్చిన మతసంస్కరణ కాలం నుంచి ఇలాంటి బొమ్మలు విగ్రహారాధన కిందికి వస్తాయని ఇంగ్లండులో ఊరూరా చర్చి గోడలకు సున్నం కొట్టేశారు. ఈ గోడకీ అదే గతి పట్టింది. 1869లో మరమ్మతులు చేస్తుంటే సున్నం కింద రంగు ఛాయలు కనబడి, అప్పటి రెక్టర్ (చర్చి పాదిరీ) హెన్రీ షెపర్డ్ పని ఆపించాడు. లేకపోతే పనివాళ్ళు గోడ మొత్తం గీకి పారేసేవాళ్ళే. చెరిపేద్దామని పూసిన సున్నమే అన్నేళ్ళూ దాన్ని కాపాడిందంటే నవ్వొచ్చింది.

1657 నాటి చెక్క ప్రసంగ వేదిక కూడా ఉంది. ఇంగ్లండుని రాజు లేకుండా క్రామ్‌వెల్ ఏలిన రోజుల్లోది కాబట్టి అపురూపమేనట. దానికి నేను రెండు నిమిషాలకు మించి ఇవ్వలేకపోయాను.

తిరిగి చూస్తే బావ ఇంకా వడ్డీ వ్యాపారి ముందే నిలబడి ఉన్నాడు. ఇంటి లోనుకి ఇంకా 19 ఏళ్ళ వాయిదాలున్నాయి పాపం.

"వీడికి వేసిన శిక్ష చాల్లేదురా" అన్నాడు.