మెడ నొప్పి, బీపీ మాత్ర

మెడ నుంచి కుడి భుజం దాకా లాగేసే ఈ నొప్పి మొదలై ఆరేళ్లు. బీపీకి రోజూ టెల్మిసార్టాన్ వేసుకుంటాను. భరించలేని రోజుల్లో మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ తెచ్చుకుని మింగేదాన్ని. అది బీపీని పెంచగలదని, టెల్మిసార్టాన్‌తో కలిస్తే కిడ్నీలకు ముప్పు ఉండొచ్చని నాకెవరూ చెప్పలేదు. మొన్న రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ ఎక్కువొచ్చాకే డాక్టర్‌గారు కూర్చోబెట్టి వివరించారు. ఎంత భయమేసిందో! బీపీ మాత్ర వాడేవాళ్లు దయచేసి డాక్టర్‌ని అడక్కుండా నొప్పి మాత్ర కొనకండి.

ఇప్పుడు వేడి కాపడం, పల్చటి దిండు, ఫిజియోథెరపిస్ట్ నేర్పిన గడ్డం వెనక్కి లాగే వ్యాయామం. మరీ తప్పకపోతే డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసెటమాల్. నొప్పి పోలేదు. బట్టలు ఆరేయడానికి చెయ్యెత్తితే ఇంకా కలుక్కుమంటోంది. కానీ నిన్న రాత్రి మధ్యలో లేవకుండా పడుకున్నాను, చాలా నెలల తర్వాత.