రెంటికీ చెడ్డ డ్రైవర్

మంగళవారం. పొద్దుటి నుంచి ముసురు. రాయదుర్గం మెట్రో స్టేషన్ దిగితే షేర్ ఆటోల దగ్గర తోపులాట, అందుకని నడిచే వెళ్లాను. గొడుగు ఉన్నా బ్యాగు తడిసింది. లాప్‌టాప్ బతికింది, అదే పదివేలు.

రోజంతా ఒకే ఫైలుతో సరిపోయింది. మా కియోస్క్ ప్యానెల్‌లోని టచ్‌స్క్రీన్‌ను నడిపించే లినక్స్ డ్రైవర్ అది. చిప్ అమ్మినవాళ్లు ఎప్పుడో రాసిచ్చారు, ఆ తర్వాత చేతులు మారినప్పుడల్లా ఎవరో ఒకరు ఓ ముక్క అతికించి వెళ్లారు. పరికరం దొరకగానే లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్, డ్రైవర్‌లోని ప్రోబ్ ఫంక్షన్‌ను పిలుస్తుంది. అందులో మెమరీ తీసుకోవాలి, రెగ్యులేటర్ ఆన్ చేసి చిప్‌కు కరెంటు ఇవ్వాలి, రీసెట్ పిన్ను అడిగి తెచ్చుకోవాలి, ఇంటరప్ట్ (చిప్ మనల్ని పిలిచే సంకేతం) నమోదు చేయాలి. నాలుగో పని చెడితే అంతకుముందు చేసిన మూడింటినీ చివరి నుంచి మొదటికి విప్పుకుంటూ రావాలి. ఫంక్షన్ అడుగున గోటూ లేబుళ్ల (చెడినచోటు నుంచి దూకే గుర్తుల) బారు అందుకే. పరికరం వదిలేసేటప్పుడు నడిచే రిమూవ్ ఫంక్షన్‌లోనూ ఇంచుమించు అదే జాబితా. ఒకే లెక్కను రెండు పుస్తకాల్లో రాస్తే ఎక్కడో ఒకచోట తేడా రాక మానదు.

ఈ బాధకు మందు కెర్నల్‌లో 2007 నుంచీ ఉంది. 2.6.21 వెర్షన్‌లో టెజున్ హియో డెవ్‌రెస్ అనే ఏర్పాటు తెచ్చారు. డిస్కులను చూసుకునే లిబాటాను కొత్త పద్ధతికి మార్చబోతూ, పాతకాలపు ఐడీఈ డిస్క్ కంట్రోలర్ ఒక్కదానికే 5 పీసీఐ బార్‌లను (పరికరాన్ని చేరే చిరునామా పరిధులను) గుర్తుపెట్టుకుని విడిపించాల్సి రావడం చూసి మొదలైన ఆలోచన అది. డ్రైవర్ల ప్రోబ్, రిమూవ్ దారుల్లో తప్పులకు కొదవ లేదని దాని డాక్యుమెంటేషనే మొహమాటం లేకుండా ఒప్పుకుంటుంది. పేరుకు ముందు డెవ్ఎమ్ అని ఉన్న ఫంక్షన్‌తో ఏది తీసుకున్నా కెర్నల్ ఆ పరికరం ఖాతాలో రాసుకుంటుంది. ప్రోబ్ విఫలమైనా, డ్రైవర్‌ను విడదీసినా, తీసుకున్న వరుసకు సరిగ్గా తలకిందులుగా అన్నింటినీ వదిలేస్తుంది.

మా జట్టులోకి కొత్తగా వచ్చిన అబ్బాయి నిన్న రాత్రి దాకా కూర్చుని డ్రైవర్‌ను ఈ పద్ధతికి మార్చాడు. "అక్కా, ఎంత ఎర్రగా ఉందో చూడండి" అంటూ ప్యాచ్ (మార్పుల చిట్టా) తెరిచాడు. తీసేసిన వరుసలన్నీ ఎర్రరంగులో, స్క్రీన్ నిండా. నాకూ ముచ్చటేసింది. తీరా రిమూవ్ ఫంక్షన్ చూస్తే అందులో ఒకే ఒక్క వరుస మిగిలి ఉంది, రెగ్యులేటర్‌ను ఆపేది. నాకు అక్కడే అనుమానం వచ్చింది.

కెర్నల్ ముందు రిమూవ్‌ను నడిపి, అది ముగిశాకే డెవ్‌రెస్ జాబితాను విప్పుతుంది. అబ్బాయి ఇంటరప్ట్‌ను డెవ్ఎమ్‌కు అప్పగించి, రెగ్యులేటర్‌ను మాత్రం చేత్తో ఆపుతున్నాడు. అంటే చిప్‌కు కరెంటు పోయాక కూడా ఇంటరప్ట్ ఇంకా నమోదై ఉంటుంది. పైగా మా బోర్డులో ఇంటరప్ట్ తీగను పైస్థాయిలో పట్టి ఉంచే పుల్‌అప్ కూడా ఆ రెగ్యులేటర్ నుంచే. కరెంటు పోగానే తీగ కిందికి పడిపోతుంది. తీగ కింద ఉంటే చిప్ పిలుస్తున్నట్టు మా డ్రైవర్ లెక్క. ఆ పిలుపు అందుకునే హ్యాండ్లర్ లేచి, చచ్చిన చిప్‌ను ఐటూసీ తీగల మీద పలకరిస్తుంది.

నోటితో చెబితే నమ్మేలా లేడు. బోర్డు ముందుకు లాక్కుని, డ్రైవర్ మాడ్యూల్‌ను కెర్నల్‌లోకి ఎక్కించి దించే చిన్న లూప్ రాశాను. దించిన ప్రతిసారీ లాగ్‌లో ఐటూసీ రీడ్ విఫలమైందంటూ నాలుగైదు వరుసలు. పాత కోడ్‌తో అదే లూప్ నడిపితే ఒక్కటీ లేదు. చూడ్డానికి అసహ్యంగా ఉన్నా అది ముందు ఇంటరప్ట్‌ను వదిలి, తర్వాతే కరెంటు తీసేది. మా అదృష్టం బాగుండి ఎర్రర్లతో పోయింది. అక్కడ చేత్తో విడిపించింది రెగ్యులేటర్ కాక హ్యాండ్లర్ వాడే బఫర్ అయి ఉంటే కెర్నల్ ఊప్స్ కొట్టినా (లోపలే దెబ్బతిన్నా) ఆశ్చర్యం లేదు. డెవ్ఎమ్‌కు మారితే పూర్తిగా మారాలి, లేదంటే గోటూలనే ఉంచుకోవాలి. సగం అదీ సగం ఇదీ అయితే రెంటికీ చెడ్డ రేవడే.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో బెండకాయ వేపుడు చల్లారిపోయి ఉంది. దాని గురించి రాయడానికేమీ లేదు.

తిన్నాక ఇద్దరం కూర్చున్నాం. రెగ్యులేటర్‌ను తీసుకుని ఆన్ కూడా చేసేసే డెవ్ఎమ్ ఫంక్షన్ ఒకటి ఉందని తనే వెతికి పట్టుకొచ్చాడు. మంచిదే, కానీ అది రెగ్యులేటర్‌ను మన చేతికి ఇవ్వదు. కియోస్క్ నిద్రపోయేటప్పుడు సస్పెండ్‌లో మనం దాన్ని ఆపాలి కదా, చేతిలో లేనిదాన్ని ఎలా ఆపుతాం? అందుకని రెగ్యులేటర్ ఆన్ చేసిన వెంటనే, దాన్ని ఆపే చిన్న ఫంక్షన్‌ను యాడ్ యాక్షన్ ఆర్ రీసెట్ అనే డెవ్ఎమ్ ఫంక్షన్‌తో అదే జాబితాకు తగిలించాం. ఇంటరప్ట్ నమోదు దాని తర్వాత వస్తుంది కాబట్టి, విప్పేటప్పుడు దానికంటే ముందు పోతుంది. రిమూవ్ ఫంక్షన్ మొత్తంగా ఎగిరిపోయింది. లూప్ మళ్లీ నడిపితే లాగ్ శుభ్రం.

చివర్లో ఇంకో చెత్త కూడా ఊడ్చాం. రెగ్యులేటర్ ఇంకా సిద్ధం కాకపోతే ప్రోబ్‌కు 517 అనే ఎర్రర్ వస్తుంది. తర్వాత రమ్మనడమే తప్ప నిజంగా తప్పు జరిగినట్టు కాదు. అది కాకపోతేనే ఎర్రర్ ముద్రించమనే షరతు ఈ ఫైల్లో అడుగడుగునా. 2020లో 5.9 వెర్షన్‌తో వచ్చిన డెవ్ ఎర్ర్ ప్రోబ్ అనే ఫంక్షన్ ఆ విచక్షణ తనే చూపిస్తుంది, వాయిదాకు కారణాన్ని కూడా రాసిపెట్టుకుంటుంది. మూడేసి నాలుగేసి వరుసలు ఒక్కటయ్యాయి.

టీ తాగడానికి కింద ఇరానీ హోటల్‌కు వెళ్లినప్పుడు, "అయితే అన్ని డ్రైవర్లూ ఇలాగే మార్చేద్దామా అక్కా?" అని అడిగాడు. ఉస్మానియా బిస్కట్ టీలో ముంచబోతున్నదాన్ని ఆగిపోయాను. సొంతంగా క్యారెక్టర్ డివైస్ (ప్రోగ్రాంలు ఫైలులా తెరిచి వాడుకునేది) తెరిచే డ్రైవర్ మాకు ఒకటుంది. ఏదో ప్రోగ్రాం ఆ ఫైలును తెరిచి ఉంచగా డ్రైవర్‌ను విడదీస్తే, డెవ్ఎమ్ మెమరీ అప్పుడే పోతుంది, ప్రోగ్రాం మాత్రం ఇంకా దాన్నే తడుముతూ ఉంటుంది. అక్కడ రెఫరెన్సులు లెక్కపెట్టుకుని, ఆఖరి వాడు మూసినప్పుడే విడిపించాలి. దాని జోలికి ఇప్పుడే వెళ్లొద్దన్నాను. మొహం కాస్త చిన్నబుచ్చుకున్నాడు. బిస్కట్ సగం విరిగి కప్పులో పడింది.

మొత్తం మార్పును మూడు ప్యాచ్‌లుగా విడగొట్టమన్నాను: రెగ్యులేటర్, ఇంటరప్ట్ కలిపి ఒకటి, ఎర్రర్ సందేశాలు ఒకటి, ఖాళీలూ పేర్లూ సర్దినవి ఒకటి. ఏ ప్యాచ్ దగ్గర ఆగినా బోర్డు బూట్ అవ్వాలి, లేకపోతే రేపు ఏ ప్యాచ్‌తో చెడిందో వెతుకుతూ గిట్ బైసెక్ట్ చేసేవాళ్లు మమ్మల్ని తిట్టుకుంటారు. గొణుక్కుంటూనే మొదటిది సాయంత్రానికి పంపాడు. వివరణలో వరుసలు ఎన్ని తగ్గాయో రాశాడు కానీ ఇంటరప్ట్ ముందు ఎందుకు పోవాలో రాయలేదు. అది రాసి మళ్లీ పంపమని చెప్పి బయల్దేరాను.