నెల్లూరు పెరట్లో ఎండివ్: నా అనుభవం

ఎండివ్ అంటే లెట్యూస్‌లాంటి ఆకుకూర. దీంతో తంటా అంతా చేదుతోనే. ఆకుకి కొంచెం చేదు ఉండాల్సిందే, కానీ ఎండ ముదిరినా, నీళ్లు తగ్గినా అది నోట పెట్టలేనంత అవుతుంది. మన నెల్లూరులో ఈ కూరకి నప్పే చలి డిసెంబరు, జనవరిల్లోనే. అందుకే అక్టోబరు చివర్లో వాన జల్లు తగలని వసారాలో నారు పోసి, నాలుగైదు ఆకులు వచ్చాక నవంబరు ఆఖర్లో నాటుతాను.

విత్తనం వేడికి సరిగా మొలవదు. తడిగుడ్డలో చుట్టి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి, అర సెంటీమీటరు లోతున వేస్తే సరిపోతుంది. నేలలో అయితే మొక్కకీ మొక్కకీ అడుగు దూరం ఉండాలి, లేదా పన్నెండంగుళాల గ్రో బ్యాగుకి ఒక మొక్క. నల్లరేగడిలో నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది, మడి ఎత్తుగా కట్టుకోవాలి. నీళ్లు ఒకరోజు ముంచెత్తి రెండు రోజులు మానేస్తే లోపలి లేతాకుల అంచులు మాడతాయి. అది తెగులు కాదు, ఆకు కొసకి కాల్షియం అందక వచ్చేది. రోజూ పొద్దున మొక్క మొదట్లో కొద్దికొద్దిగా పోస్తే చాలు.

మొక్క అడుగు వెడల్పు పరుచుకున్నాక అసలు పని. మంచు పూర్తిగా ఆరాక, మధ్యాహ్నం పూట, బయటి ఆకుల్ని పైకి కూడదీసి అరటి నారతో వదులుగా కడతాను. పదిరోజులు వెలుగు తగలకపోతే లోపలి ఆకు లేత పసుపుకి తిరిగి, విరిస్తే ఫట్‌మంటుంది, చేదు బాగా తగ్గుతుంది. తడిమీద కడితే మాత్రం నడిబొడ్డు కుళ్లిపోతుంది. వాన పడితే విప్పేయాలి. కట్టింది ఎక్కువ రోజులు నిలవదు కాబట్టి ఒకేసారి రెండు మూడు మొక్కలకి మించి కట్టను.

లోపలి ఆకులు పచ్చివే బాగుంటాయి: ఉప్పు, నిమ్మరసం, వేయించిన వేరుశెనగపప్పు పలుకులు. ముదురాకులు పప్పులోకి. వాటిని కందిపప్పుతో కలిపి కుక్కర్లో పెట్టొద్దు, చేదంతా పప్పుకి పడుతుంది. ఉప్పు వేసిన మరుగు నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, నీళ్లు పిండేసి, తరిగి, ఉడికిన పప్పులో కలపాలి. గ్లాసు పప్పుకి ఉసిరికాయంత చింతపండు, నాలుగు పచ్చిమిర్చి, చిటికెడు బెల్లం. తాలింపులో వెల్లుల్లి ఎక్కువే పడాలి, ఆరేడు రెబ్బలు చితక్కొట్టి ఎర్రగా వేగనివ్వాలి.

ఫిబ్రవరిలో నడుమ నుంచి పూతకాడ లేచిందంటే ఎంత ఉడికించినా ఆ చేదు పోదు. పీకేసి ఆ మళ్లో తోటకూర చల్లేస్తాను.