స్టెంట్ ఫ్రీయే, డాక్టరే దొరకలేదు

మా అమ్మ గుండెకు వేసిన స్టెంటుకు (మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి ఉంచే సన్న జాలీ గొట్టం) ఆరోగ్యశ్రీ కింద మేం ఒక్క రూపాయి కట్టలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నా. లేకపోతే కింద రాసిందంతా చదివి, ఆ కార్డు దండగ అనుకునేవాళ్లుంటారు. దండగ కాదు. కాకపోతే స్టెంట్ కావాలన్న మాట ఒక గుండె డాక్టర్ నోట రావాలి కదా. ఆ డాక్టర్ ముందు కూర్చోవడానికే మా తిప్పలన్నీ.

మేం ఉండేది హైదరాబాద్‌లో బోరబండ. అమ్మ పొద్దున రెండు అపార్ట్‌మెంట్లలో వంట చేస్తుంది. మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు, ఎడమ దవడ గుంజినట్టు అయ్యేది. గ్యాసేమోనని ఈనో తాగి పనికి పోయేది. చివరికి బలవంతంగా బస్తీ దవాఖానకు, అంటే మా బస్తీలోని చిన్న సర్కారు క్లినిక్‌కు, తీసుకుపోయాను. 2018లో ఇవి మొదలైనప్పుడు జ్వరం గోలీల కోసమే అనుకున్నాం గానీ, అక్కడి డాక్టరమ్మ అమ్మను రెండే ప్రశ్నలడిగింది. "మెట్లెక్కినప్పుడే వస్తుందా? ఆగి నిలబడితే తగ్గుతుందా?" రెండింటికీ అమ్మ తలూపింది. "ఇది గ్యాస్ కాదమ్మా, గుండె డాక్టర్‌కు చూపించాలి" అని చీటీ రాసింది. రక్తం కూడా అక్కడే తీసుకున్నారు. తెలంగాణ డయాగ్నస్టిక్స్ నుంచి రిపోర్ట్ ఫోన్‌కే వచ్చింది, పైసా లేదు. షుగర్ ఉందని అప్పుడే తెలిసింది. ఈ మొత్తం వ్యవహారంలో అమ్మ మాట పూర్తిగా విన్న మొదటి డాక్టర్ ఆమే.

చీటీ పట్టుకుని ఒక పెద్ద సర్కారు దవాఖానకు పోయాం. పేరు వద్దు. మహాలక్ష్మి పథకం పుణ్యమా అని బస్సులో అమ్మకు టికెట్ లేదు, నాకే ఉంది. గుండె ఓపీ అన్ని రోజులూ ఉండదు, ఒక్కో డాక్టర్ల యూనిట్‌కు వారంలో ఒక రోజు ఉంటుంది. అది తెలియక వచ్చిన ఊళ్లోళ్లు మెట్ల మీదే పడుకుని ఉన్నారు. మా వంతు వచ్చేసరికి పెద్ద డాక్టర్ లేచి వార్డుకు పోయారు. పీజీ చదివే కుర్రాడు ఈసీజీ చూసి, ఏవో గీసి, "టూడీ ఎకో చేయించాలి" అన్నాడు, అంటే గుండె స్కానింగ్. తప్పు అతనిది కాదు, అతని వెనక వరుస గేటు దాకా ఉంది. ఎకో గదిలో తేదీ ఇచ్చారు, పై నెలలో. "ఈలోపు నొప్పి ఎక్కువైతే?" అని అడిగితే, "క్యాజువాలిటీకి రండి" అన్నారు. అంటే గుండెపోటు వస్తే వెంటనే చూస్తారు, రాకుండా చూడాలంటే మాత్రం పై నెల దాకా ఆగాలి.

నేను అమీర్‌పేటలో జిరాక్స్ షాపులో పనిచేస్తాను. కౌంటర్‌కు ఎవరొచ్చినా ఒక సలహా ఇచ్చి పోయారు. ఎమ్మెల్యే ఆఫీసుకు పోయి సీఎం సహాయనిధి నుంచి ఎల్‌ఓసీ (ఖర్చు సర్కారు భరిస్తుందని ఆసుపత్రికి ఇచ్చే లెటర్) తెచ్చుకో అన్నారొకరు. నిమ్స్‌లో చేయించుకునేవాళ్లకు అది నిజంగానే పనికొస్తుంది. కానీ ఎల్‌ఓసీ కావాలంటే ఆసుపత్రి ఇచ్చిన ఎస్టిమేషన్ (ఖర్చు అంచనా) ఉండాలి, ఎస్టిమేషన్ కావాలంటే డాక్టర్ చూసి ఉండాలి. ఎటు తిరిగినా ఆ గది దగ్గరికే వచ్చి ఆగిపోతున్నాం.

అందుకే ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్‌లో ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయాం. 2025 సెప్టెంబర్‌లో బకాయిల కోసం ప్రైవేటు ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు కొన్నాళ్లు ఆపేశాయి, గుర్తుందా? మేం పోయింది అది విరమించిన తర్వాతే. అయినా రిసెప్షన్‌లో ఆ పేరెత్తగానే అమ్మాయి ముఖం మారింది. "ఆరోగ్యశ్రీ ఓపీకి వర్తించదన్నా. ఓపీ ఫీజు ఏడొందలు." కట్టాం. అమ్మ రెండు రోజుల వంట కూలి. ఎకోకు వేరే కట్టాం. డాక్టర్ మంచాయనే. "యాంజియోగ్రామ్ చేయాలమ్మా" అన్నాడు, అంటే గుండె రక్తనాళాల్లో ఎక్కడైనా అడ్డు (బ్లాక్) ఉందేమో చూసే పరీక్ష. అక్కడ మొదలైంది అసలు తమాషా.

బిల్లింగ్ కౌంటర్‌లో లెక్క ఇలా చెప్పారు: యాంజియోగ్రామ్‌కు ముందు డబ్బు కట్టాలి. బ్లాక్ తేలి స్టెంట్ వేస్తే అది ఆరోగ్యశ్రీ ప్యాకేజీలోకి పోతుంది, కట్టింది వాపసు. బ్లాక్ లేకపోతే వాపసు లేదు.

అమ్మ ఇదంతా వింటూ పక్కనే నిలబడి ఉంది. చదువు లేకపోయినా లెక్క మాత్రం ఠక్కున పడుతుంది ఆమెకు. "అయితే బిడ్డా, నా గుండె చెడిపోయుంటే పైసలు తిరిగొస్తయ్, మంచిగుంటే పోతయ్. అంతేనా?" అంది. కౌంటర్ అబ్బాయి నవ్వాలో వద్దో తెలియక కంప్యూటర్‌లోకి చూశాడు. ఆ రాత్రి దేవుడి పటం ముందు ఏం మొక్కావని అడిగితే చెప్పలేదు. చిట్టీ పాడి డబ్బు తెచ్చింది మాత్రం ఆమే.

కట్టే ముందు నేను ఇంకో పని చేశాను. ఆరోగ్యశ్రీ ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైంది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పెంచారు. ఇంత డబ్బు పెట్టే పథకంలో పరీక్షలకు దారి లేకుండా ఉంటుందా అని అనుమానం. ఆరోగ్యశ్రీ హెల్ప్‌లైన్ 104కు ఫోన్ చేశాను. జాబితాలో ఉన్న జబ్బు అనుమానంతో వస్తే నెట్‌వర్క్ ఆసుపత్రి ఓపీలో చూడటం, పరీక్షలు చేయడం ఉచితమేనని, చివరికి ఆపరేషన్ అక్కర్లేదని తేలినా ఉచితమేనని చెప్పారు. ప్రతి నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర ఉంటాడు, ముందు అతన్ని కలవమన్నారు.

ఆ మిత్ర డెస్క్ ఎక్కడుందనుకున్నారు? రిసెప్షన్ దాటి, మందుల షాపు దాటి, లిఫ్ట్ వెనకాల. బోర్డు ఉంది గానీ దాని ముందు వీల్‌చైర్లు నిలబెట్టారు. మిత్ర ఆసుపత్రి మనిషి కాదు, ఆరోగ్యశ్రీ ట్రస్టు తరఫున కూర్చునే మనిషి. ఈ ఒక్క సంగతి తెలిస్తే మొదటి రోజే రిసెప్షన్ వదిలి అటే పోయేవాళ్లం. నా భయమల్లా కార్డు గురించి. అమ్మ పేరు దేవరకొండ దగ్గర మా ఊళ్లో అన్న రేషన్ కార్డులో ఉంది. ఏళ్ల తరబడి కొత్త కార్డులు ఇవ్వకపోవడంతో ఇక్కడ వేరేగా తీసుకోలేదు. "ఏ జిల్లా కార్డయినా పర్లేదు తమ్ముడూ, ఆన్‌లైన్‌లో పేరు పడితే చాలు" అన్నాడు. పడింది.

యాంజియోగ్రామ్ డబ్బు సంగతి ఎత్తితే గొంతు తగ్గించాడు. "రూల్ మీరన్నదే. నేను మాట్లాడతా. కానీ కట్టకపోతే ఈ వారం స్లాట్ ఇవ్వరు." కట్టేశాం. రసీదు మాత్రం అడిగి, మీద స్టాంప్ వేయించుకున్నాను.

మణికట్టు నుంచి గొట్టం పంపి చూశారు. ఒక పెద్ద రక్తనాళం బాగా మూసుకుపోయింది. డాక్టర్ ఆ మాట చెప్తుంటే అమ్మ నా వైపు చూసి, "పైసలు వస్తయ్ అయితే" అంది. డాక్టర్‌కు అర్థం కాలేదు.

ఇక్కడి నుంచి అంతా చకచకా జరిగింది. ఈసీజీ, ఎకో, యాంజియో సీడీ, కార్డు, ఆధార్, మంచం మీద అమ్మ ఫొటో అన్నీ ఆన్‌లైన్‌లో ఎక్కించి ప్రీఆథరైజేషన్‌కు, అంటే ముందస్తు అనుమతికి, పంపారు. అనుమతి రాగానే స్టెంట్ వేశారు. మధ్యలో ఒకాయన వచ్చి "పైన కొంత కడితే ఇంకా మంచి కంపెనీ స్టెంట్ వేస్తాం" అన్నాడు. మిత్ర నంబర్ తీసి ఫోన్ చెవి దగ్గర పెట్టుకునేసరికి వెళ్లిపోయాడు. ప్యాకేజీలో మందులు, తిండి, స్టెంట్ అన్నీ కలిసే ఉంటాయి. ఇంటికి పంపేటప్పుడు పది రోజుల మందులు కూడా ఇవ్వాలి, ఇచ్చారు.

కష్టం తీరిందనుకున్నాం. డాక్టర్ మళ్లీ మాయమయ్యాడు. స్టెంట్ వేసినవాళ్లకు ఏడాది పాటు చూపించుకోవడానికి, మందులకు ఫాలోఅప్ ప్యాకేజీ ఉంది. ఆ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ ఫాలోఅప్ మాత్రం వారంలో ఒక్క మధ్యాహ్నమే. స్టెంట్ వేసినాయన ఆ మధ్యాహ్నం ఉండడు, డ్యూటీ డాక్టర్ చూస్తాడు. డబ్బు కట్టే ఓపీలో ఆయన సాయంత్రం కూడా ఉంటాడు. ప్యాకేజీ రేట్లు తక్కువ, బకాయిలు నెలల తరబడి రావు అని ఆసుపత్రుల వాదన. అందులో నిజం లేదని నేననను. కానీ ఆ కోతంతా మా మధ్యాహ్నంలోనే పడుతోంది. ఒకసారి రక్తం పలచబడే గోలీ అయిపోయింది, ఫాలోఅప్ రోజు ఇంకా రాలేదు. ఆ గోలీ ఒక్కరోజు కూడా ఆపొద్దని చెప్పి ఉన్నారు. బస్తీ దవాఖాన డాక్టరమ్మే చీటీ చూసి దారి చెప్పింది.

యాంజియోగ్రామ్ డబ్బు ఇంకా రాలేదు. "అకౌంట్స్‌లో ఉంది" అంటున్నారు. 104లో ఫిర్యాదు నమోదు చేశాను, నంబర్ ఉంది. పోనీ బిడ్డా, ప్రాణం దక్కింది చాలు అంటుంది అమ్మ. నేను పోనివ్వను. వాళ్లు రసీదు అడిగినప్పుడల్లా కొత్త కాపీ ఇస్తున్నాను, షాపులో మిషన్ నా చేతిలోనే ఉంది మరి.