పాత కంప్యూటర్‌లో లినక్స్ మింట్

మా ఇంటి కంప్యూటర్‌లో ఉన్న విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది. ప్రాసెసర్ పాతది, విండోస్ 11కి పనికిరాదు. చక్కగా నడుస్తున్న మెషీన్‌ని మూలన పడేయడానికి మనసొప్పలేదు. అందుకే విండోస్ బదులు వాడుకోగలిగే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ వేశాను, అందులో విండోస్‌లాగే కనిపించే సినమన్ ఎడిషన్.

ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూశాను. హార్డ్‌డిస్క్‌ని ముట్టుకోకుండానే వైఫై, సౌండ్, ప్రింటర్ అన్నీ పరీక్షించుకోవచ్చు. దీంతోనే సగం టెన్షన్ పోయింది. ఫొటోలు, ఫైళ్లు బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకున్నాకే ఇన్‌స్టాల్ నొక్కాను.

అమ్మకి కొత్తగా నేర్పాల్సిన పనే పడలేదు. కింద ఎడమ మూలన మెనూ, పక్కనే ఫైర్‌ఫాక్స్, యూట్యూబ్‌లో ఆవిడ భక్తి పాటలు. తెలుగు టైపింగ్‌కి కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు లేఅవుట్ చేర్చాను, ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డ్ అమరిక) అలవాటున్న వేళ్లకి ఇబ్బందేమీ రాలేదు. అను ఫాంట్లలో (డీటీపీవాళ్లు వాడే పాత తరహా తెలుగు ఫాంట్లు) కొట్టిన పాత ఫైళ్లని మాత్రం ఎక్కడైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. పేజ్‌మేకర్ లాంటి విండోస్ సాఫ్ట్‌వేర్‌లో డీటీపీ చేసుకుని బతికేవాళ్లు విండోస్ ఉంచుకోవడమే మేలు.

మిగతావాళ్లకి గట్టిగా చెప్తాను, పాత కంప్యూటర్ అమ్మేసే ముందు ఒక్కసారి మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడండి. పైసా కట్టక్కర్లేదు, మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి.